బండి ఆయువు

తెల్లవారక మునుపే సూర్యాపేట వ్యవసాయ మార్కెటు చెంతకు చిన్న సరకు బండ్లు ఒకటొకటిగా వచ్చి చేరుచుండును. కొన్నింటిలో ధాన్యపు బస్తాలు, కొన్నింటిలో కూరగాయల గంపలు ఉండును. ఇట్టి బండ్లే మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల ముంగిట నిలుచును. కోదాడలో సిమెంటు, ఇనుము, ఇంటి సామాను ఎక్కించుకొని పల్లెలకు మరలును. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండుటకు చిన్న గది, వెనుక సరకునకు తొట్టి గల ఈ వాహనమును పికప్పు బండి యందురు. పెద్ద లారీ పోజాలని ఇరుకు దారిని సైతము ఇది పోగలదు.

ఈ ప్రాంతమున సరకు పెరుగుటకు మూలము నీరు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములు వరిపొలములయ్యెను. వరి పెరుగగా మిల్లులు వెలసెను. మిల్లులు వెలయగా బండ్లు పెరిగెను. ఒకనాడు ఎడ్లబండి మోసిన బరువును నేడు పికప్పు బండి మోయుచున్నది.

ఎడ్లబండి తోలు రైతు దూర ప్రయాణమునకు ముందు ఇరుసుకు కందెన పెట్టెడివాడు. చీలలను తట్టి చూచెడివాడు. కందెన లేని ఇరుసు రాచుకొని వేడెక్కి, త్వరగా అరిగిపోవును. సుమతీ శతకమునందును ఈ కందెన ప్రస్తావన కలదు. ఇనుప బండి వచ్చినను ఈ ధర్మము మారలేదు. కందెన పెట్టవలసిన చోట్లు మాత్రము అనేకములైనవి.

పికప్పు బండి ఎంతకాలము మన్నును? దినమునకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 దినములు నడచు బండి పదేండ్లలో 3 లక్షల కిలోమీటర్లు తిరుగును. ఒకే కర్మాగారమున ఒకే దినమున వెలువడిన రెండు బండ్లలో ఒకటి ఆ దూరము చేరక మునుపే తుక్కు దుకాణమునకు పోవచ్చును. రెండవది అటుపిమ్మట కూడ చాల యేండ్లు పని చేయవచ్చును. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున 2007 నాటి టొయోటా టండ్రా పికప్పు ఒకటి 2016 నాటికి పది లక్షల మైళ్లు, అనగా సుమారు 16 లక్షల కిలోమీటర్లు నడచినది. అంత దూరము నడచినను దాని ఇంజను మార్చవలసిన అవసరము కలుగలేదు. తయారుచేసిన సంస్థయే పరిశీలన కొరకు దానిని తిరిగి తీసికొని, యజమానికి కొత్త బండి నిచ్చెను. దూరపు రహదారులపై నిలుకడగా నడచుట ఆ బండికి కలిసివచ్చిన మాట నిజమే. కాని యజమాని నియమము తప్పక నూరుమార్లకు పైగా దానిని మరమ్మతు శాలకు తీసికొనిపోయి చూపించెను. ఆ ఆయువునకు ముఖ్యకారణము అదియే.

ఇంజను గంటకు లక్షకు పైగా మార్లు తిరుగుచుండును. అందలి ఇనుప భాగములు ఒకదానినొకటి తాకకుండ ఆయిలు పలుచని పొరవలె అడ్డు నిలుచును. కాలక్రమమున ఆ ఆయిలులో మసియు, సన్నని లోహపు రజనును చేరి, దాని జిగి తగ్గును. నిర్ణయించిన దూరము నడచిన పిమ్మట ఆయిలును మార్చనిచో మిగిలిన కొద్ది రూపాయలకు ఇంజనే వెల చెల్లించును.

ఈ ప్రాంతపు బండ్లకు ధూళి మరియొక శత్రువు. మిల్లుల చెంత ఊక ధూళి, సిమెంటు కర్మాగారముల చెంత సిమెంటు ధూళి, మట్టిబాటలందు ఎర్రదుమ్ము లేచుచుండును. ఇంజను పీల్చు గాలిని ఎయిర్ ఫిల్టరు వడకట్టును. అది మూసికొనిపోయినచో ఇంజనునకు ఊపిరాడదు; అది చినిగినచో ధూళి లోనికి పోయి ఆకురాయివలె భాగములను అరగదీయును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు మించునప్పుడు రేడియేటరు పని మరింత కష్టమగును. బోరుబావి నీరు పోసినచో అందలి లవణములు సన్నని గొట్టములలో పెచ్చుకట్టును. కావున శుద్ధజలముతో కూడిన కూలెంటును మాత్రమే వాడవలెను.

అన్నిటికంటె బండి ఆయువును ఎక్కువగా హరించునది అధిక భారము. ఒకటిన్నర టన్నులు మోయుటకై చేసిన బండిపై మూడు టన్నులు వేసినచో కమాను కట్టలు వంగును, చట్రము చీలును, టైర్లు వేడెక్కి నడిరోడ్డుపై పగులును. బ్రేకు వేసిన తోడనే నిలువవలసిన బండి ముందునకు సాగిపోవును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. దానిని సకాలమున మార్చనిచో అధికముగ వేడెక్కినప్పుడు అందు ఆవిరి పుట్టి బ్రేకు పట్టు సడలును. నష్టము బండితో ఆగదు. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిపిన రహదారి పరీక్షలలో, ఇరుసుపై భారము రెట్టింపయినచో రోడ్డునకు కలుగు హాని సుమారు పదునారు రెట్లగునని తేలినది.

బండి మన్నుటకు విడిభాగములును దొరకవలెను. 1980 దశకమున డీసీఎం టొయోటా అను సంస్థ తేలిక లారీలను తయారుచేసెను. ఆ సంస్థ నేడు లేదు. అయినను తెలంగాణమున మధ్యరకపు లారీ ఏ సంస్థదైనను జనులు దానిని డీసీఎం అనియే పిలుతురు. పేరు నిలిచినంత సులభముగ బండి నిలువదు. తయారీ ఆగిపోయిన బండికి అరిగిన భాగము దొరకనిచో ఎంతటి నేర్పరి యగు మెకానిక్కును చేయగలిగినది స్వల్పము.

పికప్పు బండి కొనువారిలో పెక్కుమంది అప్పు చేసి కొందురు. నాలుగైదేండ్లు ప్రతి నెలయు వాయిదా చెల్లింపవలెను. ఆ కాలమున బండి సంపాదనలో అధికభాగము అప్పునకే పోవును. వాయిదాలు తీరిన పిమ్మటనే అది నిజముగ ఇంటివారికి సంపాదించుట మొదలగును. పిల్లల చదువునకును, ముసలివారి మందులకును నాలుగు డబ్బులు మిగులును. సంరక్షణ లేని బండి సరిగా అప్పుడే మూలబడును. తీరిన అప్పు స్థానమున మరమ్మతుల అప్పు వచ్చి చేరును. బండిని జాగ్రత్తగా చూచుకొనిన యింట ఆ తరువాతి యేండ్లే కలిమిని తెచ్చును.

అయితే ఎంతకాలము నడపగలిగినను అంతకాలము నడపవలెనని కాదు. కొత్త రవాణా వాహనమునకు మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్ల కొకమారు, అటుపిమ్మట ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ పరీక్ష జరుగవలెను. 2020 ఏప్రిల్ నుండి కొత్త బండ్లు భారత్ స్టేజి ఆరవ ప్రమాణమును పాటించుచున్నవి. అంతకు ముందరి బండ్ల పొగలో విషపదార్థములు ఎక్కువ. 2021లో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములను తుక్కుగా మార్చు విధానమును ప్రవేశపెట్టినది. చట్రము తుప్పు పట్టి, బ్రేకు నమ్మరానిదైన బండిని ఇంకను రోడ్డుపై నడపుట పొదుపు కాదు. ఎదుట వచ్చు వారి ప్రాణములతో చెలగాటము.

ఉదయము బండి కదలక మునుపు ఆయిలు మట్టము, రేడియేటరు నీరు, టైర్లలో గాలి, బ్రేకు పట్టు, దీపముల వెలుగు చూచుటకు పది నిమిషములు చాలును. ఈ పని ఏ ఒక్కనాడును పెద్దదిగా తోచదు. మానివేసినను ఆనాడే కీడు కానరాదు. అందుచేతనే అనేకులు దానిని మానుదురు. ఇరుసుకు కందెన పెట్టిన ఆనాటి రైతు ఈ సంగతి ఎరుగును. బండి ఆయువు కర్మాగారమున కొంతయే పోయబడును; మిగిలినది దినదినము దాని యజమాని చేతులలో ఉండును.