సత్య, సయోధ్యల కమిషను (దక్షిణ ఆఫ్రికా)

సత్య, సయోధ్యల కమిషను అనేది దక్షిణ ఆఫ్రికాలో జాతివివక్ష కాలమున జరిగిన ఘోరాలను విచారించుటకు 1995 నాటి చట్టం ద్వారా ఏర్పాటు చేయబడిన సంస్థ. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దీనికి అధ్యక్షుడు. పగ తీర్చుకొనుటకు, జరిగినదంతా మరచిపోవుటకు మధ్య మూడవ మార్గంగా ఇది ప్రసిద్ధి పొందినది.

నేపథ్యం

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చిన తరువాత జాతివివక్ష ప్రభుత్వ విధానమైనది. 1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారూ ఓటు వేసిన తొలి ఎన్నికల అనంతరం నెల్సన్ మండేలా దేశాధ్యక్షుడయ్యాడు. నేరస్థులందరినీ శిక్షింపబూనితే పాత పోలీసు, సైనిక వర్గాలు ఎదురు తిరుగవచ్చును. అందరినీ ఊరకే వదిలివేస్తే బాధితులకు అన్యాయం జరుగుతుంది. అందువలన నిజం చెప్పినవారికే క్షమాభిక్ష అనే నియమం పెట్టబడినది.

పనితీరు

కమిషనులో 17 మంది సభ్యులు ఉండేవారు. మానవహక్కుల ఉల్లంఘన, క్షమాభిక్ష, పరిహారం అనే అంశాలకు మూడు ఉపసంఘాలు పనిచేసినవి. 1960 మార్చి 1 నుండి 1994 మే 10 వరకు జరిగిన సంఘటనలు విచారణ పరిధిలోకి వచ్చినవి. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ నగరంలో బహిరంగ విచారణలు మొదలైనవి. 21,000కు పైగా బాధితుల వాంగ్మూలాలు నమోదయ్యాయి. విమోచనోద్యమ సంస్థల దుశ్చర్యలను కూడా కమిషను పరిశీలించినది.

క్షమాభిక్ష, క్షమ

నేరం రాజకీయ లక్ష్యంతో చేసినదై ఉండాలి, దోషి జరిగినదంతా దాచకుండా చెప్పాలి. పశ్చాత్తాపం ప్రకటించాలనే నిబంధన లేదు. 7,000కు పైగా వచ్చిన దరఖాస్తులలో అధికభాగం తిరస్కరించబడినవి.

చట్టం ఇచ్చే క్షమాభిక్ష వేరు, బాధితుడు చూపే క్షమ వేరు. 1993లో కేప్‌టౌన్ సమీపాన గుగులెతులో అమెరికా విద్యార్థిని ఏమీ బీల్‌ను ఒక గుంపు చంపినది. 1998లో నలుగురు దోషులకు క్షమాభిక్ష లభించగా, ఆమె తల్లిదండ్రులు దానిని వ్యతిరేకించలేదు. తరువాత వారిలో ఇద్దరు ఆమె పేరిట నెలకొల్పిన సేవాసంస్థలోనే పనిచేశారు. ఇందుకు భిన్నంగా, 1977లో పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికో కుటుంబం న్యాయవిచారణ జరగాలని కోరి, క్షమాభిక్ష నిబంధనను రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేసినది. 1996లో న్యాయస్థానం ఆ నిబంధనను సమర్థించినది. అయితే, బికో కేసులోని పోలీసుల దరఖాస్తులు 1999లో తిరస్కరించబడినవి.

ఫలితాలు, విమర్శలు

1998 అక్టోబరు 29న కమిషను తన నివేదికను మండేలాకు సమర్పించినది. 2003లో ప్రభుత్వం ఒక్కొక్క బాధితునికి 30,000 ర్యాండ్ల పరిహారం ప్రకటించినది; ఇది కమిషను సూచించిన దానికంటే చాలా తక్కువ. క్షమాభిక్ష పొందనివారిలో బహు కొద్దిమందిపైనే కేసులు నడిచినవి. ఈ జాప్యానికి కారణాలను విచారించుటకు 2025లో అధ్యక్షుడు సిరిల్ రామఫోసా మరొక కమిషనును నియమించాడు. నిజం వెల్లడైనంత మాత్రాన సయోధ్య పూర్తి కాదని, పరిహారం, న్యాయం కూడా దానిలో భాగమేనని ఈ అనుభవం తెలుపుతున్నది.