వృద్ధులకు వచ్చు వణకు వ్యాధి



ఈ పత్రికలో సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పంట తెగుళ్ళను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున పంటకు గాక, పంట పండించిన మనిషికి పట్టు నొక తెగులును గూర్చి వ్రాయదలచితిని. వైద్యులు దీనిని పార్కిన్సన్ వ్యాధి యందురు. ఇట్టి వణకును ఆయుర్వేద పండితులు కంపవాత మనియు, యునానీ హకీములు రాషా యనియు పేర్కొనిరి.

దీనిని గూర్చి వ్రాయుటకు కారణ మొకటి గలదు. పాతబస్తీలోని మీరాలం మండీకి తెల్లవారుజామున ఆకుకూరలు దెచ్చు వృద్ధ సభ్యు డొకడు గలడు. ఆయన కట్టిన కొత్తిమీర కట్ట విడిపోవుట ఎవరును ఎరుగరు. అట్టివాని కట్టలు క్రమముగా వదులగుట మొదలిడెను. చిల్లర లెక్కించుటకు ఆలస్య మగుచుండెను. బేరమాడు గొంతు సన్నగిల్లెను. నడచునపుడు కుడిచేయి ఊగక ప్రక్కకు అంటుకొని యుండెను. ఊరక కూర్చున్నపుడు ఆ చేతి బొటనవ్రేలు చూపుడువ్రేలిపై గింజ నలుపుచున్నట్లు కదలుచుండెను. "మా బాపుకు పని మీద మనసు పోయినదయ్యా, మొగమున నవ్వే లేదు" అని కుమారుడు నాతో చెప్పుకొనెను. "ముసలితనము గదా" యని నేనును ఊరకుంటిని.

తరువాత పంటఋణము కొరకు ఆయన తన సంఘమునకు పోగా, చేవ్రాలు పాత చేవ్రాలితో సరిపోలలేదు. అక్షరములు చీమలవలె చిన్నవై, పోనుపోను మరింత కుంచించుకొని పోయెను. "ఈ దస్కతు నీది కాదు" అని పదిమందిలో గుమాస్తా యనెను. ఋణము విత్తు అదను దాటిన పిమ్మట గాని చేతికి రాలేదు. ముప్పది యేండ్లు బాకీ యెగవేయని మనిషి, ఆ మాటకు క్రుంగి, సంఘపు గడప త్రొక్కుట మానెను. కొంతకాలమునకు వేరొక జబ్బు కొరకు వైద్యుని యొద్దకు పోయినపుడు, ఆయన చేతిని చూచి, ఒక పంక్తి వ్రాయించి, నాలుగడుగులు నడిపించి, వ్యాధి యిది యని చెప్పెను. అక్షరము చిన్నదగుట ఈ వ్యాధి లక్షణములలో నొకటి యట. రెండేండ్లు మేమందరము చూచుచునే యుంటిమి, ఒక్కరమును గుర్తింపమైతిమి.

1817లో లండను నగరమున జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించెను. అందు వర్ణింపబడిన రోగులు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీథిలోనే చూచెను. నేటికిని ఈ వ్యాధిని నిర్ణయించుటకు ముఖ్యసాధనము వైద్యుని కన్నే. కావున వృద్ధులను అనుదినము చూచుచుండు ఇంటివారు గురుతు లెరిగియున్నచో, వైద్యునికంటె ముందే మేలుకొనవచ్చును.

వ్యాధి స్వభావము

మెదడు లోపల నల్లని వన్నె గల చిన్న తావు గలదు. అచ్చటి కణములు డోపమిన్ అను పదార్థమును తయారుచేయును. చేయి ఎత్తవలెను, అడుగు వేయవలెను అని మనసు తలచినపుడు, ఆ యాజ్ఞ సాఫీగా సాగుటకు డోపమిన్ కావలెను. ఆ కణములు క్రమముగా నశించుటచే ఈ వ్యాధి కలుగును. కందికి పట్టు ఎండు తెగులును మీ రెరుగుదురు. అది వేరున ప్రవేశించి లోలోన వ్యాపించును. ఆకు వాడుట మనము చూచునాటికి లోపల చాల చెడియుండును. ఇదియు నట్లే. వణకు పైకి గానవచ్చునాటికి ఆ కణములలో సుమారు సగమో, అంతకు మించియో నశించియుండు నని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇది అంటువ్యాధి కాదు. చేతబడి కాదు, పాపఫలము కాదు. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చును గాని, పెక్కుమంది విషయమున అట్లు కాదు. సాధారణముగా 60 ఏండ్ల ప్రాంతమునను, ఆ పిమ్మటను మొదలగును. చిన్న వయసున వచ్చుటయు గలదు. 2019లో ప్రపంచమున 85 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి యుండెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

గురుతులు

ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, చేయి ఒడిలో విశ్రమించి యున్నపుడు వచ్చు వణకు. ఇది సాధారణముగా ఒక ప్రక్కనే మొదలగును. రెండవది, పనులయందు మాంద్యము: గుండీ పెట్టుకొనుట, ముడి వేయుట, అన్నము కలుపుట ఆలస్యమగును. మూడవది, కాలుసేతుల బిగువు. నాలుగవది, వ్యాధి ముదిరిన కొలది నిలుకడ తప్పి పడిపోవుట. మొగమున భావము తోపకపోవుట, గొంతు తగ్గుట, చిన్న చిన్న యడుగులతో ఈడ్చుచు నడచుట, అక్షరము కుంచించుట వీనికి తోడగును. వణకే లేని రోగులును గలరు. వారినే మనము సోమరులని నిందించుచుందుము.

వీనికి కొన్నియేండ్ల ముందే వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో కలగని అరచుట, కాలుసేతులు విసరుట కొందరియందు కనబడును. ఇవి ఉన్నంతమాత్రమున ఈ వ్యాధి వచ్చునని భయపడ నక్కరలేదు. వైద్యునితో చెప్పుట మాత్రము మంచిది.

వణకు ప్రతిదియు ఈ వ్యాధి కాదు. చెంబు ఎత్తునపుడును, సంతకము చేయునపుడును మాత్రమే చేయి వణకుట తరచుగా వేరొక జబ్బు. దాని చికిత్స వేరు. ఇదిగాక కొన్ని మందులచేతను ఇట్టి లక్షణములే కలుగును. తలతిరుగుటకు వాడు సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, వాంతులకు వాడు మెటోక్లోప్రమైడ్, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు అట్టివి. దుకాణమున అడిగి తెచ్చి నెలల తరబడి మాత్రలు మ్రింగుట మనవారికి అలవాటు. అందుచే వైద్యుని యొద్దకు పోవునపుడు ఇంటిలో నున్న మందులన్నియు సంచిలో వేసికొని పోవలెను. వైద్యుడు వ్రాసి యిచ్చిన మందును తమంతట తామే మానరాదు.

చికిత్స

ఈ వ్యాధిని సమూలముగా తొలగించు మందు లేదు. అయినను బాధను చాలవరకు తగ్గించి, ఏండ్ల తరబడి పనిపాటలు చేసికొనునట్లు చేయు మందులు గలవు. వానిలో ముఖ్యము లెవొడోపా. ఇది మెదడును చేరి డోపమిన్‌గా మారును. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ అను వైద్యుడు దీనిని కొలది కొలదిగా హెచ్చించి యిచ్చి, గొప్ప ఫలమును చూపెను. నేడు కార్బిడోపా అను మరియొక మందుతో కలిపి మాత్రగా నిత్తురు.

రైతునకు నీటి వంతువలె ఈ మాత్రకు వేళ ముఖ్యము. సాధారణముగా భోజనమునకు అరగంట ముందు వేసికొందురు. పప్పు, పాలు, మాంసము మాత్రతోపాటు కడుపున బడినచో కొందరికి మందు సరిగా పనిచేయదు. వాంతి వచ్చునట్లుండుట, లేచినపుడు కన్నులు తిరుగుట, లేనివి ఉన్నట్లు కనబడుట కలిగినచో వైద్యునికి తెలుపవలెను. మాత్రను హఠాత్తుగా మానరాదు. అట్లు మానుటచే తీవ్రమైన బిగువు, జ్వరము కలిగి ప్రాణాపాయము రావచ్చును. మందుతోపాటు నిత్యము నడక, వ్యాయామము అవసరము.

కొన్నియేండ్లకు మాత్ర ప్రభావము త్వరగా తగ్గిపోవుటయు, శరీరము అనవసరముగా కదలుటయు గలవు. అట్టివారిలో తగినవారికి మెదడులో సన్నని తీగ లమర్చి, రొమ్ము చర్మము క్రింది చిన్న యంత్రముచే విద్యుత్తు నిచ్చు శస్త్రచికిత్స గలదు. అది అందరికిని తగదు. పాతబస్తీ వారికిని, చుట్టుప్రక్కల రైతులకును మూసీ యొడ్డున అఫ్జల్‌గంజులోని ఉస్మానియా ఆసుపత్రి యున్నది. పంజగుట్టలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, యున్నది. రెంటియందును నరముల వైద్యులు గలరు.

దూలగొండి మాట

మన కంచెలపై ప్రాకి, తాకినచో దురద పుట్టించు దూలగొండిని ఎరుగనివారు లేరు. 1937లో మదరాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి అను రసాయన శాస్త్రజ్ఞులు దాని గింజలనుండి లెవొడోపాను వేరుచేసిరి. కావున మన వైద్యులు ఈ గింజను కంపవాతమునకు వాడుట నిరాధారము కాదు. అయినను గింజకు గింజకు మందు పాలు మారును. మాత్ర మ్రింగుచు గింజల పొడియు తినినచో మోతాదు మించును. వైద్యునికి తెలుపక దీనిని వాడుట తగదు.

పురుగుమందులు, గడ్డిమందులు

ఈ విషయము మనకు మిక్కిలి ముఖ్యము. అమెరికాలో అయోవా, ఉత్తర కెరొలైనా రాష్ట్రములలో పురుగుమందులు వాడువారినిగూర్చి జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, పారాక్వాట్ అను గడ్డిమందును గాని, రొటినోన్ అను పురుగుమందును గాని వాడినవారిలో ఈ వ్యాధి, వాడనివారికంటె సుమారు రెండున్నర రెట్లు కనబడెను. ఐరోపా సంఘమున 2007లో పారాక్వాట్ అనుమతి రద్దయ్యెను. ఒక్కొక్క రైతు విషయమున ఇదియే కారణ మని చెప్ప వీలులేదు. అయినను జాగ్రత్తకు ఇంత ఆధారము చాలును. మందు లేక పని సాగునపుడు మందు వలదు; కలుపును దంతెతో తీయగలిగినచో తీయుడు. తప్పనపుడు చేతితో కలుపరాదు. తొడుగులు ధరించి, గాలికి ఎదురు నిలువక చల్లి, వెంటనే స్నానముచేసి, బట్టలు వేరుగా ఉదుకవలెను. ఖాళీ డబ్బాలను నీటికి వాడరాదు.

ఇంటివారును సంఘమును చేయదగినవి

రోగిని తొందరపెట్టరాదు, తొందరపెట్టిన కొలది కాళ్ళు బిగిసికొనును. గడపయొద్ద అడుగు పడక నిలిచిపోయినచో లాగరాదు. నేలపై అడ్డముగా గీత గీసి దానిని దాటుమన్నను, "ఒకటి, రెండు" అని లెక్కించినను చాలమందికి అడుగు పడును. భోజనము నిదానముగా, నిటారుగా కూర్చుండి చేయనిండు. దుఃఖము, నిరుత్సాహము ఈ వ్యాధిలో భాగములే. వానికిని చికిత్స గలదు.

ఇక సంఘముల వారికి ఒక మనవి. వృద్ధుని చేవ్రాలు మారినచో మోసమని మొదట తలపకుడు. జబ్బేమో యని అడుగుడు. వ్రాయజాలని ఖాతాదారుని వ్రేలిముద్రను ఇద్దరు సాక్షుల యెదుట గైకొనవచ్చునని, వారిలో ఒకడు బాంకు ఉద్యోగియై యుండవలెనని రిజర్వు బాంకు వారు బాంకులకు సూచించి యున్నారు. మన సంఘములును అట్టి పద్ధతినే అనుసరింపవచ్చును. ఏటేట కొత్త చేవ్రాలు నమూనా తీసికొనుట అంతకంటెను సులువు.

పైన చెప్పిన సభ్యుడు వేళకు మాత్రలు మ్రింగుచు మరల మండీకి వచ్చుచున్నాడు. కట్టలు మునుపటి బిగువున రావు. కుమారుడు ప్రక్కన కూర్చుండి ముడివేయుచున్నాడు. సంఘము వారు ఆయన యింటికే పోయి క్రొత్త చేవ్రాలు తీసికొనిరి. మీ యింటిలో గాని, మీ వాడలో గాని అడుగు కుదించుకొన్న పెద్దలున్నచో, ఈ మాసముననే వైద్యునికి చూపుడు. మేము పోగొట్టిన రెండేండ్లు మీరు పోగొట్టకుందురు గాక.