పెంచిన స్టోరేజ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో చోటు నిండిపోతే చాలామంది సెట్టింగుల్లో 8 జీబీని 16 జీబీగా మారుస్తారు. మళ్లీ తెరిచాక పాత అంకే కనబడితే ఎమ్యులేటర్ పాడైందనుకుంటారు. పాడైంది ఏమీ లేదు. కంప్యూటర్‌లో నడిచే ఆ ఉత్తుత్తి ఫోన్‌లో డిస్కు అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన లెక్కలే. ఒక లెక్క మారితే మిగతావి వాటంతటవే మారతాయన్న పూచీ లేదు.

ఈ ఎమ్యులేటర్‌కు పునాది ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన క్యూఎము. ఫోన్‌లో జరిగే మార్పులు క్యూకౌ2 అనే పద్ధతి ఫైల్లో చేరతాయి. అసలు అందమంతా ఇక్కడే ఉంది. డిస్కును మామూలుగా 64 కేబీ ముక్కలుగా లెక్కగడతారు. ఏ ముక్క ఫైల్లో ఎక్కడుందో రెండు అంచెల పట్టికలు చెబుతాయి, భూమి రికార్డుల్లో ముందు ఊరు, తర్వాత సర్వే నంబరు పట్టుకున్నట్టు. ఒక్కో చిరునామాకు 8 బైట్లు కాబట్టి 64 కేబీల కింది పట్టికలో 8,192 చిరునామాలు పడతాయి; అంటే ఒక్క పట్టికే 512 ఎంబీని చూసుకుంటుంది. 8 జీబీకి పై పట్టికలో 16 వరసలు చాలు, 16 జీబీకి 32. డిస్కు రెట్టింపైనా అక్కడ అదనంగా పట్టేది 128 బైట్లే! ఇంకా రాయని ముక్కకు చిరునామా సున్నా. దాన్ని చదవబోతే అడుగున ఉన్న మూల ఫైలు జవాబిస్తుంది. రాసినప్పుడే చోటు ఖర్చవుతుంది.

అయితే లోపలి ఆండ్రాయిడ్‌కు ఈ పట్టికల సంగతి తెలియదు. అది నమ్మేది తన ఫైల్ సిస్టమ్‌ను. ఈఎక్స్‌టీ4 అయితే మొత్తం బ్లాకులెన్నో దాని సూపర్‌బ్లాక్‌లో రాసి ఉంటుంది. ఆ అంకె కూడా పెరగాలి, లేదా ఫోన్‌లోని డేటా అంతా చెరిపే వైప్ డేటాతో ఫైల్ సిస్టమ్‌ను కొత్తగా కట్టాలి.

పెంచడం ఇంత చవకైతే ఏకంగా 500 జీబీ పెట్టేయొచ్చు కదా అనవచ్చు. పెట్టొచ్చు, కానీ ఫోన్‌లో ఫైలు తుడిచేస్తే ఆ బ్లాకు ఖాళీ అని లోపల గుర్తుపడుతుందే తప్ప, ఆ కబురు బయటికి చేరకపోతే క్యూకౌ2 ఫైలు తగ్గదు. చివరికి కంప్యూటర్ డిస్కే నిండి, ఫోన్ రాతలు విఫలమవుతాయి. ఇదంతా ఉత్తుత్తి డిస్కే కదా అన్న మాట మాత్రం నిలవదు. అసలు ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ కూడా ఆండ్రాయిడ్ అడిగిన చిరునామాను తన పట్టికలో మార్చుకునే మరోచోట రాస్తుంది.

కాబట్టి సైజు పెంచేముందు కంప్యూటర్‌లో నిజంగా ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. వైప్ డేటా నొక్కేముందు ఫోన్‌లోని ఫైళ్లను బయటికి తీసి పెట్టుకోండి. నొక్కాక అవి తిరిగి రావు.