పశుహింస - గృహహింస: కోర్టు రికార్డులు చెప్పేదేమిటి?

తడ సమీపంలో, పులికాటు సరస్సు ప్రాంతంలో ఒక పల్లె కాపురాన్ని ఊహించుకొందాము. మగనికి కోపం వచ్చినప్పుడు ముందు కొట్టంలోని పాడిగేదెను చావబాదుతాడు. ఆ తరువాత భార్య వంతు. ఇవి వేరువేరు నేరాలా, లేక ఒకే స్వభావానికి రెండు రూపాలా? ఒకటేనని చాలామంది అనుభవం మీద అంటారు. అయితే అనుభవం వేరు, నిరూపణ వేరు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక జంతు సంరక్షణ సంఘం, జంతువులను హింసించినవారిపై 1975-1986 మధ్య నడిపిన కేసుల రికార్డులు ఉన్నవి. ఆర్లూక్, లెవిన్, లూక్, ఆసియోన్ అనే పరిశోధకులు వాటి నుండి 153 మందిని తీసుకొన్నారు. వీరి ఇతర నేరాలను లెక్కపెట్టి ఊరకుంటే ఏమీ తేలదు. ఎరువు వేసిన మొక్క పక్కన వేయని మొక్కను కూడా ఉంచి చూస్తాము గదా! అందుచేత ప్రతి ముద్దాయికి జతగా, అదే పేటలో నివసించే, ఇంచుమించు అదే వయస్సు గల, అట్టి కేసు లేని మరొకరిని ఎన్నుకొని, ఇరువురి నేరచరిత్రలను పోల్చినారు. 1999లో ప్రకటించిన ఫలితమిది: మనుషులపై దౌర్జన్యం చేసిన కేసులు జంతువులను హింసించినవారిలో నూటికి 37 మందికి, ఇరుగుపొరుగువారిలో నూటికి ఏడుగురికి ఉన్నవి.

దీనిని చూచి, కుక్కను కొట్టిన కుర్రవాడు పెరిగి హంతకుడవుతాడని తొందరపడరాదు. ఆ 37 పక్కన 63 కూడా ఉన్నది. పైగా జంతుహింస ముందు, మానవహింస తరువాత అనే వరుస ఆ రికార్డులలో కనబడలేదు. కొందరిలో అది ముందు, కొందరిలో ఇది ముందు. దొంగతనాలు, మాదకద్రవ్యాల కేసులు కూడా వీరికే ఎక్కువ. అనగా ఒకటి రెండవదానికి కారణమని గాక, రెండూ ఒకేచోట కనబడే అవకాశం ఎక్కువని మాత్రమే తేలినది. సంబంధం వేరు, కారణం వేరు అని తరగతిలో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఇంటిలోపలి సంగతి మరికొంత స్పష్టం. యూటా రాష్ట్రంలో హింసకు తాళలేక శరణాలయానికి వచ్చిన 38 మంది స్త్రీలను ఆసియోన్ ప్రశ్నించినారు. పెంపుడు జంతువులున్న వారిలో నూటికి 71 మంది, తమతో కాపురం చేసినవాడు వాటిని బెదిరింపుకు వాడుకొన్నాడనో, గాయపరచినాడనో, చంపినాడనో చెప్పినట్లు 1998లో వ్రాసినారు. సంఖ్య చిన్నదే. కాని ఇక్కడ జంతువు కేవలం కోపానికి దొరికినది గాదు, ఆమెను అదుపులో ఉంచే పనిముట్టు. పాలడబ్బుతో ఇల్లు గడుపుకొనే స్త్రీకి గేదెను వదలి పుట్టింటికి పోవడం మరింత కష్టం.

మన చట్టాల సంగతి చూతాము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 10 నుండి 50 రూపాయలు! 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ప్రకారమైతే, జంతువును చంపినా, వికలాంగిని చేసినా ఐదేండ్ల వరకు ఖైదు పడవచ్చును. 2005 నాటి గృహహింస చట్టంలో పశువు పేరు లేదు. ఆమెకు కావలసినవారిని బాధిస్తానని పదేపదే బెదిరించడం అందులో మానసిక హింసయే. అయితే అక్కడ చెప్పినది మనుషులను గురించి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2006లోనే రక్షణ ఉత్తర్వులో పెంపుడు జంతువులను చేర్చే వీలు కల్పించినది. మన చట్టంలో గేదెకున్న దారి ఆస్తి రూపంలోనే: స్త్రీధనాన్ని అన్యాక్రాంతం చేయడం ఆర్థిక హింస, దానిని మేజిస్ట్రేటు నిషేధించవచ్చును. కాబట్టి గేదె ఆమె సొమ్ముతో కొన్నదని చూపే కాగితం ఉంటే భద్రపరచుకోవలెను. దెబ్బలు తగిలినప్పుడు పశువైద్యుని వద్దకు తోలుకొనిపోయి, గాయాలను తేదీతో సహా వ్రాయించుకొని, తన ఫిర్యాదుతో పాటు రక్షణాధికారికి ఇవ్వవచ్చును.