తెగిన వేలికి వెల ఎంత?

బొటనవేలు పూర్తిగా పోతే నూటికి 30 పాళ్లు. చూపుడువేలికి 14. చిటికెనవేలికి 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, రెండు చేతులూ పోతే 100. ఇది మాంసపు కొట్టులో వేలాడే ధరల పట్టిక కాదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి చేర్చిన జాబితా. ఏ అవయవం పోతే మనిషి సంపాదనశక్తిలో ఎంత భాగం నశించినట్లు భావించాలో అది నిర్ణయించింది.

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరుకు ఈ లెక్క కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన వర్క్‌షాపులో పనికై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ ఊరినే తమ ఊరు చేసుకున్నవి. 1927లో ఆ కార్మికులు ఉద్యోగాల తొలగింపుకు ఎదురుతిరిగి సమ్మెకట్టినప్పుడు వారి నాయకులలో ఒకరు వి.వి. గిరి. ఆయనే 1969లో రాష్ట్రపతి అయినారు.

లేతుకూ, మాంసం కోసే రంపానికీ స్వభావంలో భేదం లేదు, చిక్కినదానిని విడువదు. రెండు చక్రాల మీద తిరిగే పళ్ల పట్టీకి ఎముక ఎంతో వేలూ అంతే. కైమా యంత్రమైతే వేలిని లోనికి లాగుకొనును. అందుకే మాంసాన్ని చేతితో గాక కర్రతో త్రోయవలెనని నియమం. కత్తి పనికి రక్షణనిచ్చే ఉక్కు వలల చేతితొడుగు తిరిగే రంపం వద్ద ప్రమాదకరం. పళ్లు దానిని పట్టుకుంటే చెయ్యంతా పోవచ్చు.

కడుగుటకు తీసిన రక్షణ కవచాన్ని మళ్లీ బిగించకపోవడం తరచు జరిగే తప్పు. చట్టంలోని చిక్కు ఇక్కడే ఉన్నది. కార్మికుడు బుద్ధిపూర్వకంగా కవచం తీసివేశాడని నిరూపిస్తే యజమాని పరిహారం తప్పించుకోవచ్చును. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి మాత్రం ఆ సాకు చెల్లదు. అయితే గిరాకీ వేళ తొందరపెట్టినది ఎవరు? ఆ ప్రశ్న ఎవరో అడిగితేగాని విచారణలోకి రాదు.

ముప్పయ్యేళ్ల పనివాని నెల జీతం 15,000 రూపాయలు అనుకుందాము. అందులో 60 శాతం, అంటే 9,000ను, ఆ వయస్సుకు నిర్ణయించిన 207.98తో హెచ్చిస్తే 18,71,820 రూపాయలు. అది పూర్తి వైకల్యానికి. బొటనవేలికైతే అందులో 30 శాతం, 5,61,546. నెల దాటినా చెల్లించని యజమానిపై నూటికి 12 చొప్పున వడ్డీ, సరైన కారణం లేకుంటే సగం వరకు అపరాధమూ పడేవి. ఈ చట్టపు సారం 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతిలో కలిసినది.

అమెరికాలో 1906లో వెలువడిన అప్టన్ సింక్లెయిర్ నవల ‘ది జంగిల్’ చికాగో కబేళా కూలీల దుస్థితిని చిత్రించినది. చదివినవారు కూలీల గాయాలకంటె తమ భోజనపు శుభ్రతకే ఎక్కువ కలవరపడినారు. అదే సంవత్సరం మాంస తనిఖీ చట్టం వచ్చినది!

రైల్వే ఉద్యోగికి మరొక అండ కలదు. విధుల్లో ఉండగా వికలాంగుడైన వానిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 2016 నాటి చట్టం శాసించుచున్నది. పాత పని చేయలేనివానికి అదే జీతంపై వేరొక పని ఈయవలెను. ఖాళీ లేకుంటే అదనపు స్థానము కల్పించవలెను.

మాంసపు కొట్టులోని కుర్రవానికి ఆ భరోసా లేదు. ఆసుపత్రి ఖర్చు భరించి, నాలుగు నోట్లు చేతిలో పెట్టి, ‘ఇక నాకేమీ రావలసినది లేదు’ అను కాగితంపై మిగిలిన చేతి వేలిముద్ర వేయించుకొను యజమానులు ఉన్నారు. పరిహారపు హక్కును వదులుకొనునట్లు చేయు అట్టి ఒప్పందం చెల్లదని 1923 చట్టం 17వ సెక్షనులోనే వ్రాసినది.