తొమ్మిదింపావు అంగుళాల కత్తి

చెన్నై రోడ్డు మీద నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు పోతుంటే నడుమ తగిలే ఊరు దొరవారిసత్రం. నేలపట్టులో గూడబాతుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు, షార్ రాకెట్ కోసం శ్రీహరికోట బయల్దేరినవాళ్లు ఆ ఎండలో ఎక్కడో ఒకచోట బండి ఆపక తప్పదు. ఆపిన చోట టెంకాయ బోండాల కుప్ప ఉంటుంది. కుప్ప పక్కన ఓ కత్తి ఉంటుంది. లారీ కమాను పట్టీని కొలిమిలో సాగగొట్టి చేసిన కత్తి. మూడు ఏట్లకు నెత్తి చెక్కి, నాలుగో ఏటుకు మూత లేపుతుంది.

"కత్తి ఎంత పొడుగన్నా?" అని అడిగితే బోండాలాయన నవ్వాడు.

"కొలవలా అబ్బయా. ఏటుకి తెగద్దా లేదా, అదే సూసేది."

ప్రపంచంలో పెద్ద కత్తుల గురించి పుట్టిన వింతలన్నీ ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. కొందరు కొలిచారు, కొందరు కొట్టి చూశారు.

అందరికంటే పేరు మోసిన కత్తి

1827 సెప్టెంబరు 19. అమెరికాలో మిసిసిపీ నది మధ్య, నాచెజ్ ఊరి దగ్గర ఇసుక తిన్నె. ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి దిగారు. చెరి రెండుసార్లు కాల్చుకున్నారు, ఒక్క గుండూ తగల్లేదు. చేతులు కలిపేసుకున్నారు. అసలు పోట్లాట అప్పుడు మొదలైంది, వాళ్ల వెంట వచ్చినవాళ్ల మధ్య. అందులో జేమ్స్ బౌవీ అనే మనిషి తూటాలు, కత్తిపోట్లు తిని కూడా తన పెద్ద కత్తితో ఎదుటివాణ్ణి చంపి బతికి బయటపడ్డాడు. పత్రికలు ఆ కథను దేశమంతా మోశాయి. కమ్మరి దగ్గరికి పోయిన ప్రతివాడూ బౌవీ కత్తి లాంటిదే కావాలన్నాడు.

ఈనాడు బౌవీ కత్తి అనగానే కొన దగ్గర వీపు చెక్కినట్టు లోపలికి వంగిన బ్లేడు, పిడి దగ్గర అడ్డుపట్టీ కళ్లముందు కనబడతాయి. ఆ కత్తిని చేయించిన అన్న రెజిన్ బౌవీ 1838లో రాసిన ఉత్తరంలో మాత్రం అది తొమ్మిదింపావు అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు, ఒకవైపే పదును, వంపు లేదు. పెద్ద వంటకత్తి అనుకోవచ్చు. జేమ్స్ 1836 మార్చి 6న టెక్సాస్‌లోని అలామో కోటలో చనిపోయాడు. ఆనాటి కత్తి ఏమైందో ఎవరూ తేల్చలేకపోయారు. పోయిన కత్తికి ఇన్ని వేల నకళ్లు పుట్టడమే దాని రికార్డు. ఆ నకళ్లలోనూ ఎక్కువ భాగం అమెరికాలో తయారైనవి కావు, ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి ఓడలెక్కి వచ్చినవి.

కత్తి మీద పడిన భారీ పన్ను

ఇసుక తిన్నె పోట్లాట జరిగి పదేళ్లు తిరక్కుండానే ప్రభుత్వాలు బెదిరాయి. 1837లో అలబామా రాష్ట్రం ఒక్కో బౌవీ కత్తి అమ్మకం మీద 100 డాలర్ల పన్ను వేసింది. అప్పటి లెక్కలో అది కత్తి ధరను ఎన్నో రెట్లు మించిన సొమ్ము. మరుసటి ఏడు టెన్నెసీ అమ్మకాన్నే నిషేధించింది. ఒక పనిముట్టుకు పేరు పెట్టి మరీ చట్టం చేయడం ఎక్కడో గాని చూడం.

మన దగ్గరా ఓ కొలత ఉంది. ఆయుధాల చట్టం 1959లోది. దాని కింద చేసిన 1962 నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాల పొడవు గాని, 2 అంగుళాల వెడల్పు గాని దాటిన కత్తుల్ని బల్లేలు, బాకుల వరసలో చేర్చారు. ఇంటికీ, సేద్యానికీ, శాస్త్రానికీ, పరిశ్రమకూ వాడేవాటిని మినహాయించారు. దీన్నిబట్టి చూస్తే రెజిన్ బౌవీ చేయించిన కత్తి పావు అంగుళం తేడాతో గీత దాటుతుంది. మన బోండాల కత్తి ఎంత పొడుగున్నా బతుకుతెరువు పనిముట్టే. గీత గీసింది కొలతతోనైనా, చివరికి అడిగేది ఆ కత్తి ఏం పనిచేస్తుందనే.

అందరూ వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు

మంచి కత్తి కావాలంటే ముందు మంచి ఉక్కు కావాలి. దానికోసం పారశీక వర్తకులు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. మహా త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సీ 1820ల మొదట్లో ఆ ఊళ్లో ఇస్ఫహాన్ వర్తకుణ్ణి కలుసుకున్నాడు. ఎడారులూ సముద్రమూ దాటి వచ్చి, మూసల దగ్గరే కూర్చుని, సరుకు చూసి కొనుక్కుపోయేవాడు. తమ దేశంలో ఇలాంటిది చేయబోతే కుదరలేదన్నాడు. వాయ్‌సీ 1824లో చనిపోయాడు. ఆయన రాసిన వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

కిటుకు మూసలో ఉంది. రకరకాల ఇనుము కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, తిత్తులు ఊది కరిగించి, నిదానంగా చల్లార్చేవారు. అలా వచ్చిన ఉక్కుముద్దలో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. మామూలు కత్తి ఉక్కుకు ఇది రెండింతలు. దాన్ని ఎర్రటి కాకలోనే కొట్టాలి. తెల్లగా కాల్చి సమ్మెట వేసే అలవాటున్న యూరప్ కమ్మరుల చేతుల్లో అది పొడిపొడిగా రాలిపోయేది. అందుకే ఆ ముద్ద వాళ్లకు ఓ చిక్కుముడి అయి కూర్చుంది. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే కూడా విద్యుత్తు జోలికి పోకముందు దీనితోనే కుస్తీపట్టాడు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820లో ఉక్కు మిశ్రమాల మీద వ్యాసం అచ్చువేశాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని 'వూట్జ్' అన్నారు. అది తెలుగు, కన్నడాల్లోని 'ఉక్కు' మాటకు వచ్చిన వంకర అని పండితుల్లో ఎక్కువమంది నమ్మకం.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు ఇలాంటి ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గం ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో కర్బన నానో గొట్టాలు కనిపించాయి. నానో అన్న మాటే పుట్టని రోజుల్లో కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ల చేతిపని అది.

ఆకాశం నుంచి పడ్డ కత్తులు

ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ మమ్మీ కట్లు 1925లో విప్పితే తొడ పక్కన ఓ ఇనుప బాకు దొరికింది. మూడువేల ఏళ్లు దాటినా తుప్పు పెద్దగా అంటలేదు. 2016లో పరీక్షిస్తే నికెల్ సుమారు 11 శాతం తేలింది. అంటే ఉల్కాపాతంలో పడిన ఇనుము.

మన దగ్గరి కథ ఇంతకంటే రుచిగా ఉంటుంది. 1621 ఏప్రిల్‌లో జలంధర్ దగ్గర పెద్ద శబ్దంతో ఉల్క పడింది. తవ్వి తీస్తే 160 తులాలు తూగింది. జహంగీర్ చక్రవర్తి దాన్ని ఉస్తాద్ దావూద్ చేతికిచ్చి కత్తులు చేయమన్నాడు. సుత్తి దెబ్బకు అది నిలవలేదు, ముక్కలైంది. మూడు పాళ్లు ఉల్క ఇనుము, ఒక పాలు మామూలు ఇనుము కలపమన్నాడు చక్రవర్తి. అప్పుడు రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చాకు తయారయ్యాయి. వాటిని ఎలా మెచ్చుకున్నాడో జహంగీర్ స్వయంగా రాసుకున్నాడు. యెమెన్ కత్తుల్లాగా, దక్షిణాది కత్తుల్లాగా వంచితే వంగి మళ్లీ తిన్నగా అయ్యాయట. ఎదుటే నరికించి చూశాడు కూడా. నాణ్యతకు కొలబద్దగా మొఘల్ చక్రవర్తి నోట దక్షిణాది కత్తి రావడమే మనకు విశేషం. ఆ చాకు ఇప్పుడు అమెరికా రాజధానిలోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. అంత దూరం పోలేనివాళ్లు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్, నూర్జహాన్‌ల బాకుల్ని చూసుకోవచ్చు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష

1976లో విలియం మోరాన్, మరికొందరు కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టారు. అక్కడ పనివాడిగా గుర్తింపు కావాలంటే చేత్తో కొట్టిన ఓ పెద్ద కత్తి తీసుకుపోయి నాలుగు పరీక్షలు నెగ్గాలి. బ్లేడు 10 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు దాటకూడదు.

మొదటిది, గాలిలో వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుతో తెంచడం. తాడుకు వెనక ఆధారం ఏదీ ఉండదు. పదును లేకపోతే తాడు పక్కకు తప్పుకుని ఊగుతుంది. రెండోది, ఇళ్లు కట్టే రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు చెక్కను రెండుసార్లు నరకడం. ఇక్కడ బరువు, తూకం బయటపడతాయి. మూడోది, అంత నరికాక అదే వాదరతో చేతిమీది వెంట్రుకలు గొరగడం. పానం సరిగా పడితేనే పదును మిగులుతుంది. నాలుగోది, కత్తిని బిగింపులో పట్టించి 90 డిగ్రీలు వంచడం. విరిగితే పోయినట్టే.

మూడో పరీక్షకు వాదర గట్టిగా ఉండాలి, నాలుగోదానికి వీపు మెత్తగా ఉండాలి. ఈ రెండూ ఒకే ఇనుప ముక్కలో ఇమడాలి. అందుకే వాదర వైపు మాత్రం నూనెలో ముంచి పానం పెడతారు, వీపును నెమ్మదిగా చల్లారనిస్తారు. జహంగీర్ కొలువులో 1621లో అడిగింది కూడా ఇదే, నరకాలి, వంగాలి. ఇంకో తమాషా ఏమిటంటే, పరీక్ష పూర్తయ్యేసరికి ఆ కత్తి ఎందుకూ కొరగాకుండా పోతుంది. పాసయ్యేది మనిషి.

ఆ సొసైటీ పనివాళ్లు ఇష్టపడే ఉక్కుల్లో 5160 అనేది ఒకటి. క్రోమియం కలిసిన కమాను పట్టీ ఉక్కు. దొరవారిసత్రం రోడ్డు మీది కత్తికీ, అమెరికా కొలిమిలోని బౌవీ కత్తికీ చుట్టరికం లారీ అడుగున కుదిరింది.

టెన్నిస్ బంతుల మీద కత్తిపోటీ

పరీక్షలు ఆటగానూ మారాయి. బ్లేడ్‌స్పోర్ట్స్ పోటీల్లో అవే కొలతల కత్తితో గడియారం పెట్టుకుని చెక్కలు నరకాలి, తాళ్లు తెంచాలి, దొర్లే టెన్నిస్ బంతుల్ని రెండు చేయాలి, నీళ్ల సీసాల వరసను కోయాలి, నిలబెట్టిన స్ట్రాలను పడిపోకుండా తుంచాలి. మొరటు పనీ నాజూకు పనీ ఒకే కత్తితో, ఒకే పరుగులో.

అందరికంటే ఎక్కువ బ్లేడ్లు

షెఫీల్డ్‌లోని జోసెఫ్ రోజర్స్ కంపెనీ 1822లో ఓ చాకు చేసింది. దానికి ఎన్ని బ్లేడ్లనుకున్నారు? 1822. 1851 లండన్ మహాప్రదర్శనకు అదే కంపెనీ 75 బ్లేడ్ల నార్ఫోక్ చాకును పంపింది. 2006లో స్విట్జర్లాండ్‌లోని వెంగర్ కంపెనీ 87 పనిముట్లున్న చాకు చేసి గిన్నిస్‌కెక్కింది. వీటిలో దేనితోనూ ఒక్క బోండాం కొట్టలేం.

ఆకాశానికి పోయే ఉక్కు

దొరవారిసత్రం మిద్దెల మీంచి కనబడే రాకెట్లలోనూ ఉక్కే ఉంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ తొడుగు మారేజింగ్ ఉక్కుతో చేస్తారు. ఆ ఉక్కు పోసేది 1973లో హైదరాబాదులో పుట్టిన మిధాని సంస్థ. కోనసముద్రం ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతమైతే ఇందులో నూటికి 0.03 కూడా దాటనివ్వరు. దాని బలం సుమారు 18 శాతం నికెల్, దాంతో కలిసిన ఇతర లోహాల చలవ. ఈజిప్టు రాజు బాకుకు ఆకాశం నికెల్ ఇస్తే, రాకెట్ తొడుగుకు మనమే నికెల్ కలిపి ఆకాశానికి పంపుతున్నాం.

ఎంచుకునేవాళ్లకు కొలిమి మాటలు

పొలానికో తోటకో పెద్ద కత్తి కొనాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. పిడిలోకి దిగిన ఇనుము చివరిదాకా ఉందో లేదో ముందు చూడాలి. సగంలో ఆగిందంటే ఏదో ఒకరోజు బ్లేడు గాల్లోకి ఎగురుతుంది. వేలిమీద నిలబెట్టి తూకం చూడాలి. బరువు ముందుకు మొగ్గితే నరకడానికి మంచిది, పిడి దగ్గర ఆగితే తిప్పడానికి సులువు. బొటనవేలి గోరు మీద వాదరను మెల్లగా ఆనిస్తే పట్టుకోవాలి, జారకూడదు. పిడి వెనక కాస్త లావుండాలి, చెమట చేతిలోంచి జారకుండా. ఆ తర్వాత ఓ ఎండు కంపమీద నాలుగు దెబ్బలేసి మళ్లీ గోరు మీద పెట్టాలి. రెండోసారి కూడా పట్టుకుంటే బేరం ఆడొచ్చు.

చివరి విశేషం

బోండాలాయన దగ్గర స్కేలు అడిగి తీసుకున్నాను, వాళ్ల పిల్లదాని బడి సంచిలోంచి. కత్తి కొలుద్దామని బండ మీద పెట్టాను. పిడి దగ్గర వెడల్పు, కొన దగ్గర వెడల్పు. నడుమ మాత్రం ఏళ్లకొద్దీ సానరాయి తిని, నెలవంకలా లోపలికి పోయింది. ఎక్కడ పెట్టి కొలవాలో స్కేలుకు తోచలేదు.

"కానీయబ్బయా, బండి ఆగింది" అంటూ ఆయన కత్తి తీసుకున్నాడు. మూడు ఏట్లు, నాలుగోదానికి మూత లేచింది.