స్కానింగ్ తెర మీద పైన ఏది? ఎడమ ఏది?

అల్ట్రాసౌండ్ తెర మీద కనిపించేది ఫొటో కాదు, ప్రతిధ్వనుల లెక్కతో గీసిన పటం. కాబట్టి దాన్ని చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత లోతు? ఎటు వైపు? లోతును చెప్పేది కాలం. చర్మానికి ఆనించిన ప్రోబ్ మన చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపుతుంది. అది అవయవాల అంచులకు తగిలి వెనక్కి వస్తుంది. మెత్తని కణజాలంలో శబ్ద వేగం సెకనుకు 1540 మీటర్లని యంత్రం అనుకుంటుంది. ఆ లెక్కన 1 సెంటీమీటరు లోతుకు వెళ్లి రావడానికి సుమారు 13 మైక్రోసెకన్లు పడుతుంది. 130 మైక్రోసెకన్లకు వచ్చిన ప్రతిధ్వనిని 10 సెంటీమీటర్ల లోతున చుక్కగా పెడుతుంది. ముందొచ్చింది పైన, ఆలస్యంగా వచ్చింది కింద. అంటే మామూలుగా తెర పైఅంచు ప్రోబ్ ఆనిన చోటే తప్ప తల వైపు కాదు. కొవ్వులో శబ్దం కాస్త నెమ్మదిస్తుంది కదా, లెక్క తప్పదా? తప్పుతుంది, కానీ తేడా సాధారణంగా స్వల్పమే.

ఎడమ, కుడి సంగతి మాత్రం శబ్దం చెప్పదు. అది మనుషులు పెట్టుకున్న ఒప్పందం. ప్రోబ్ పక్కన చిన్న గాటు ఉంటుంది, తెర మూలన దానికి జోడీగా ఒక గుర్తు. పొట్ట స్కాన్‌లో ప్రోబ్‌ను అడ్డంగా పెట్టి గాటును రోగి కుడి వైపు ఉంచితే, ఆ కుడి వైపు తెర ఎడమ పక్కన కనిపిస్తుంది. నిలువుగా పెట్టి గాటును తల వైపు తిప్పితే, తెర ఎడమ అంచు తల వైపవుతుంది. ఇదంతా యంత్రమే కనిపెట్టొచ్చుగా అంటారేమో. రోగి తల ఎటుందో ప్రతిధ్వనుల్లో రాసి ఉండదు. పైగా గుండె స్కాన్‌లో ఆ గుర్తును సాధారణంగా తెర కుడి పక్కన పెడతారు. అందుకే జెల్ రాసిన ప్రోబ్ ఒక చివరను వేలితో తాకి, తెరలో ఏ పక్క కదిలిందో ముందే చూసుకోవడం మంచి పద్ధతి.